వెనక కెమెరాకి కరెంటు ఎక్కణ్ణించి తీయాలి?

ప్రశ్న: అన్నా, మాది కావలి. హ్యాచ్‌బ్యాక్ కారు, పని మీద హైవేలో ఒంగోలు పోయొస్తుంటా. మొన్న టంగుటూరు టోల్ గేట్ దగ్గర లైన్లో ఆగుంటే వెనకనుంచి ఒక వ్యాన్ వాడు తగిలించి, పైగా నువ్వే రివర్స్ తీశావని నామీదకే వచ్చాడు. ముందూ వెనకా డాష్ క్యామ్ (అద్దానికి అంటించి రోడ్డుని రికార్డ్ చేసే కెమెరా) పెట్టిద్దామని షాపుకి పోతే అక్కడబ్బాయి వెనక కెమెరాని రివర్స్ లైట్ వైరుకి కలిపేస్తే సరిపోద్ది అంటాడు, మా బావ లైటర్ సాకెట్ చాలంటాడు, మా నాయనైతే బ్యాటరీ డౌన్ అయిపోద్ది అసలివన్నీ ఎందుకంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: షాపబ్బాయి మాట మాత్రం వినబాకండి. రివర్స్ లైటుకి కరెంటు వచ్చేది రివర్స్ గేరు వేసినప్పుడే కదా, మిమ్మల్ని గుద్దిన వ్యాన్ వచ్చేటప్పటికి మీరు న్యూట్రల్లో ఉన్నారు, అంటే ఆ కెమెరా ఉన్నా నిద్రపోతా ఉండేది. ఆ అబ్బాయి అట్టా అనడానికి కారణం ఉంది. చాలా సెట్లలో వెనక కెమెరా వైరు పక్కనే ఒక సన్నటి ఎర్ర వైరు వేలాడతా ఉంటది, దాన్ని రివర్స్ లైటుకి కలిపితే రివర్స్ వేసినప్పుడు ముందు స్క్రీన్ మీద వెనక బొమ్మ పెద్దగా వస్తది, అంతే. అది సిగ్నల్ కోసం, పవర్ కోసం కాదు. కలపకపోయినా రికార్డింగ్ ఆగదు.

ముందూ వెనకా కలిపి వచ్చే సెట్లో వెనక కెమెరాకి విడిగా కరెంటు అక్కర్లేదు, ముందు కెమెరా నుంచి వచ్చే ఆ పొడుగు వైరులోనే పవరూ పోతది, బొమ్మా వస్తది. అందుకని మీరు ఆలోచించాల్సింది ముందు కెమెరా పవర్ గురించే. బండి నడిచేటప్పుడు రికార్డయితే చాలు అనుకుంటే మీ బావ చెప్పినట్టు లైటర్ సాకెటే హాయి, కాకపోతే కొన్ని కార్లలో బండి ఆపి తాళంచెవి తీసేసినా సాకెట్లో కరెంటు ఉంటది, కెమెరా ఆగదు, మీదాంట్లో ఎట్టా ఉందో ఒకసారి ఫోన్ ఛార్జర్ పెట్టి చూసుకోండి. వైర్లు వేలాడకుండా నీటుగా కావాలంటే, లేదా పార్కింగ్‌లో కూడా కాపలా కావాలంటే (దీన్నే పార్కింగ్ మోడ్ అంటారు) హార్డ్‌వైర్ కిట్, అంటే కారు ఫ్యూజుల డబ్బా నుంచే కరెంటు తీసుకునే వైర్ల సెట్. దాంట్లో మూడు వైర్లు: ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కి, ఒకటి తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజ్‌కి, మూడోది బాడీ ఎర్త్‌కి. వైరు కోసి టేపు చుట్టే పని వద్దు, ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతది, అది గుచ్చితే పాత ఫ్యూజూ కొత్త ఫ్యూజూ పక్కపక్కనే ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల జోలికి మాత్రం పోనీయబాకండి. ఇంకోటి, కెమెరాకి కావాల్సింది 5 వోల్టులు, ఆ కిట్లో ఉండే చిన్న డబ్బాయే 12ని 5 చేస్తది, డబ్బా ఎందుకులే అని డైరెక్టుగా ఇచ్చారా, కెమెరా ఆ రోజుతో సరి.

ఇక మీ నాయన మాట. ఆయన భయం ఉత్తది కాదు, సగం నిజం. రెండు కెమెరాల సెట్ సుమారు 5 వాట్లు తింటది అనుకోండి, అంటే 12 వోల్టుల దగ్గర 0.4 ఆంపియర్లు. రాత్రి 10 గంటలు ఇంటి ముందు పెడితే 4 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఉండే కరెంటుని కొలిచే లెక్క) పోతాయి, చిన్న కారులో 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్నా పొద్దున్నే సెల్ఫ్ పట్టుద్ది. అదే కారుని కావలి స్టేషన్ దగ్గర పెట్టి మీరు హైదరాబాద్ పోయి మూడు రోజులకి వచ్చారనుకోండి, 72 గంటలు, దాదాపు 29 ఆంపియర్ అవర్లు, ఇక తోయడానికి మనుషుల్ని పిలుచుకోవాల్సిందే. అందుకే కిట్ మీద వోల్టేజ్ కట్ ఆఫ్ స్విచ్ ఉంటది. దాన్ని 12.2 వోల్టుల దగ్గర పెట్టమనండి, అంతకంటే తగ్గితే కిట్టే కెమెరాని ఆపేస్తది. కొంతమంది ఎక్కువసేపు రికార్డవ్వాలని 11.6కి దించుతారు, అప్పటికే బ్యాటరీ దాదాపు ఖాళీ, రోజూ అట్టా చేస్తే కొత్త బ్యాటరీ కూడా త్వరగా పోద్ది. బ్యాటరీ మూడు నాలుగేళ్ళ పాతదైతే నన్నడిగితే పార్కింగ్ మోడ్ జోలికే పోవద్దంటా, లేదా దెబ్బ తగిలినప్పుడు మాత్రమే లేచే మోడ్ పెట్టుకోండి, దానికి కరెంటు బాగా తక్కువ.

కొనేటప్పుడు లోపల లిథియం బ్యాటరీ ఉందా, కెపాసిటర్ (కాసేపే కరెంటు దాచుకునే చిన్న భాగం) ఉందా అని అడగండి. మన దగ్గర రోహిణి కార్తెలో అద్దాలెత్తి ఎండలో వదిలేసిన కారులో డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి లిథియం ఉబ్బుద్ది. కెపాసిటర్‌ది తీసుకోండి. అది కరెంటు పోయాక ఆఖరి ఫైలు సేవ్ చేసుకునేంత సేపే నిలబడుద్ది, దానికదే పార్కింగ్‌లో పనిచేయదు, అది లోపం అనుకోవద్దు.

వెనక కెమెరాకి 1080పి (ఫుల్ హెచ్‌డీ) చాలు, డబ్బులు రాత్రిపూట బాగా తీసే సెన్సార్ మీద పెట్టండి. అద్దం మీద వైపర్ తుడిచే చోటే అంటించాలి, డీఫాగర్ గీతల (అద్దాన్ని వేడి చేసి మసక పోగొట్టే సన్న గీతలు) మీద మాత్రం వద్దు, రేపు పీకేటప్పుడు గీత లేచొస్తది. వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ ఉంటే ఏ కెమెరా పెట్టినా దండగే, రూల్ ప్రకారం కూడా ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం వెలుతురు పోవాలి.

హ్యాచ్‌బ్యాక్‌లో అసలు కష్టం డిక్కీ డోర్ దగ్గర. బాడీకీ డోర్‌కీ మధ్య మడతలు మడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటది, వైరు దాంట్లోంచే పోవాలి. చాలామంది కుర్రోళ్ళు బద్ధకించి పక్కనే బీడింగ్ కింద నుంచి లాగేస్తారు, అప్పుడు బాగానే ఉంటది, డోర్ వేసీ తీసీ వేసీ తీసీ వైరు నలిగి కొన్నాళ్ళకి వెనక బొమ్మ నల్లగా అయిపోద్ది, పైగా వానకి నీళ్ళు దిగుతాయి. కాబట్టి దగ్గరుండి గొట్టంలోంచే వేయించండి, డోర్ పూర్తిగా ఎత్తినప్పుడు వైరు బిగుసుకోకుండా లూజు ఉందో లేదో చూడండి. ముందు పిల్లర్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనకనుంచి పోవాలి, మీదనుంచి కాదు.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నా. కెమెరా బాగానే ఉంది గానీ మాటిమాటికీ మెమొరీ ఫుల్ అంటది. పాతవాటిమీద దానంతటదే రాసుకుంటది అన్నారే?

జవాబు: రాసుకుంటది, లాక్ అయిన ఫైళ్ళ మీద తప్ప. లోపల కుదుపు కనిపెట్టే జి సెన్సార్ ఉంటది, అది హై మీద ఉంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌నీ యాక్సిడెంట్ అనుకుని ఆ ఫైలు లాక్ చేసేస్తది, మన ఊళ్ళల్లో స్పీడ్ బ్రేకర్లకి కొదవా? దాన్ని లో మీద పెట్టి, కార్డు కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, నెలకోసారి అట్టా చేస్తా ఉండండి. కార్డు కూడా ఫోన్‌లోది తీసి పెట్టారేమో చూసుకోండి, హై ఎండ్యూరెన్స్ (ఆగకుండా రికార్డ్ చేసినా తట్టుకునేది) అని రాసున్న 128 జీబీ పెట్టుకుంటే నాలుగు కాలాలు ఉంటది.

ప్రశ్న: నెల్లూరు. రాత్రిళ్ళు చెన్నై రూట్లో వెనక వచ్చే బళ్ళ నంబర్ అస్సలు కనపడట్లేదు, తెల్లటి వెలుగు తప్ప. ఇంకా ఖరీదుది కొంటే కనిపిస్తదా?

జవాబు: కొంచెం మెరుగవుద్దేమో గానీ హైబీమ్ కొట్టుకుంటా వచ్చే లారీ నంబర్ రాత్రి చదవడం ఏ కెమెరాకైనా కష్టమే. మీ హెడ్‌లైట్లు ముందుకే పడతాయి, వెనకోడి ప్లేటు మీద పడేది మీ వెనక లైట్ల వెలుగొక్కటే. కెమెరాలో ఎక్స్‌పోజర్ (వెలుగు ఎంత తీసుకోవాలనే సెట్టింగ్) ఒక మెట్టు తగ్గించి చూడండి. గుద్దినోడు దాటుకుని ముందుకి పోతే మాత్రం మీ లైట్ల వెలుగులో ముందు కెమెరాకి దొరుకుతాడు, నంబర్ కోసం ఆ క్లిప్పు వెతకండి.

ప్రశ్న: చీమకుర్తి. వీడియో పోలీసులకి వాట్సాప్‌లో పంపితే కేసులో చెల్లుద్దా?

జవాబు: చూపించడానికి పనికొస్తది, సాక్ష్యంగా అంటే ఒరిజినల్ ఫైలే కావాలి, వాట్సాప్ దాన్ని నలిపి చిన్నది చేసేస్తది. 2024 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ సాక్ష్యాల గురించి చెప్పే పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బి పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది, దాని కింద సర్టిఫికెట్, ఫైలు హ్యాష్ విలువ (ఫైలుని మార్చలేదని తేల్చే కోడ్) ఇవ్వాలి, అది మీ లాయర్ చూసుకుంటాడు. మీరు చేయాల్సింది, గొడవైన వెంటనే కార్డు తీసి పక్కన పెట్టి కొత్తది వేయడం, కత్తిరింపులు చేయకపోవడం. అన్నట్టు ఈరోజే కెమెరాలో టైమ్, తేదీ ఒకసారి చూసుకోండి, తేదీ తప్పుంటే అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే.