డ్రూరీని అమాయకుణ్ని చేయకు

తమ్ముడూ,

ఎర్నెస్ట్ డ్రూరీ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి 1919లో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయిన రైతును ఎంచుకున్నందుకు సంతోషం. కానీ మొదటి పేరాలోనే మనసు చివుక్కుమంది. "నాగలి తప్ప లోకం తెలియని పల్లెటూరి రైతు" అన్నావు. అది నిజం కాదు. వాళ్ల నాన్న చార్లెస్ ఒంటారియో మొదటి వ్యవసాయ మంత్రి. డ్రూరీ గ్వెల్ఫ్ వ్యవసాయ కళాశాలలో చదివి 1900లో డిగ్రీ తీసుకున్నాడు. క్రౌన్ హిల్‌లో సేద్యం చేశాడు. ఇవన్నీ నీ నోట్సులో ఉండే ఉంటాయి. కథ పలచబడుతుందని వదిలేశావు, అవునా?

కొత్తలో నేనూ ఇదే చేశాను. ఒక రైతు నాయకుడి గురించి రాస్తూ ఆయన చదువు సంగతి ఎత్తలేదు. పత్రిక చూశాక ఆయన ఒక్కటే అడిగాడు: "మా అమ్మ గాజులు అమ్మి చదివించింది. ఆ ముక్క ఎందుకు తీసేశావయ్యా?" నా దగ్గర జవాబు లేదు.

డ్రూరీ కథకు బలం రైతుల కోపంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, రైతుబిడ్డల్ని బలవంతంగా సైన్యంలోకి తీసుకోబోమని 1917 ఎన్నికల ముందు ఒట్టావాలోని కెనడా కేంద్ర ప్రభుత్వం మాట ఇచ్చింది. 1918 ఏప్రిల్‌లో, సరిగ్గా విత్తే వేళకు, ఆ మినహాయింపు రద్దు చేసింది. మే నెలలో వేల మంది రైతులు రాజధానికి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఏడాదిన్నర తిరగకముందే ఒంటారియో ఎన్నికల్లో యునైటెడ్ ఫార్మర్స్ అనే రైతు సంఘం వాళ్లు అందరికంటే ఎక్కువ సీట్లు గెలిచారు. గెలిచేనాటికి వాళ్లకు నాయకుడే లేడు! పోటీ కూడా చేయని డ్రూరీని పిలిచి, కార్మిక సభ్యులతో కలిసి ప్రభుత్వం పెట్టారు. ఇంత సంగతిని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు.

ఇంకొకటి. ఒంటారియోలోని సిమ్‌కో కౌంటీలో (జిల్లా లాంటిది) పైన్ అడవులు నరికేశాక మిగిలిన నేల వట్టి ఇసుక. గాలి వీస్తే లేచిపోయేది. ఆయన ప్రభుత్వం ఉండగా, 1922లో అక్కడ అడవి నాటడం మొదలైంది. పిడికెడు తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయే ఆ ఇసుక దగ్గర మొదలుపెట్టు. రైతు కుర్చీ ఎక్కితే ఏం పట్టించుకుంటాడో పాఠకుడికి అక్కడే తెలుస్తుంది.

1923లో ఓడిపోయాడు, తన సీటుతో సహా. అక్కడ జాలి పడకు. జరిగింది జరిగినట్టు రాసి ఊరుకో.

తిరగరాసి నెలలోగా పంపు. వాళ్ల నాన్న పేరు మొదటి పేజీలోనే ఉండాలి.

నీ అన్నయ్య