ఏ మెడ మీద చెయ్యి వేయకూడదో నేర్పు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. కైరోప్రాక్టిక్ కాలేజీలో, అదే మెడ, వెన్నుపూసలను చేత్తో సర్దే వైద్యం నేర్పేచోట, వారానికి రెండు పూటలు న్యూరాలజీ చెప్పడానికి ఒప్పుకున్నావని మీ అత్తయ్య చెప్పింది. "మెడలు విరిచేవాళ్లకు మన పిల్ల పాఠాలు చెప్పడమేమిటి?" అని బుగ్గలు నొక్కుకుంది కూడా. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ల కిందట అలాంటి కాలేజీలోకే మొదటిసారి వెళ్లినప్పుడు నా మనసులో ఉన్న మాటా అదే. ఆ తరువాత పన్నెండేళ్లు అక్కడే చెప్పాను. అందుకని నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

ఆ చిన్నచూపును కారులోనే వదిలేసి లోపలికి వెళ్లు. విద్యార్థులు దాన్ని అయిదు నిమిషాల్లో పసిగడతారు. ఆ తరువాత నువ్వు చెప్పేది నోటుపుస్తకాల్లోకి ఎక్కుతుంది గానీ చేతుల్లోకి దిగదు. అలాగని వాళ్ల పాత కథలన్నింటికీ తల ఊపమనడం లేదు. 1895 సెప్టెంబరులో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన హార్వే లిల్లార్డ్ అనే మనిషి వెన్నుపూసను సర్ది వినికిడి తెప్పించానన్నాడు. వాళ్ల విద్య పుట్టుక అదే. వినికిడి నరం పుర్రె దాటి మెడలోకి రానే రాదని శరీరనిర్మాణం చదివిన పిల్లలకు నువ్వు చెప్పనవసరం లేదు, వాళ్లకే తెలుసు. తెలిసీ ఆ కథను ఇష్టంగా చెప్పుకునేవాళ్లు కొందరుంటారు. క్లాసులో వాదన పెట్టుకోకు. అడిగితే ఆధారాలు ఏమంటున్నాయో అంతవరకు చెప్పి ముందుకు వెళ్లు.

నేనైతే ఆ కథ పక్కన ఇంకో కథ పెట్టేవాణ్ణి. అదే 1895లో డాన్‌జిగ్‌లో అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ అనే వైద్యుడు ఒక రోగి లక్షణాలను వర్ణించాడు. ముఖంలో ఒక పక్క, ఒంట్లో రెండో పక్క నొప్పీ వేడీ తెలియకపోవడం, మింగుడు పడకపోవడం, నడకలో తూలు. మెదడు కాండం పక్కభాగానికి రక్తం అందకపోతే వచ్చే ఆ స్థితికి ఈనాటికీ ఆయన పేరే. మెడపూసల రంధ్రాల గుండా పైకి పాకే వెర్టిబ్రల్ ధమని చీలినప్పుడు మనం భయపడేది దానికే. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు కథలనూ మొదటి క్లాసులోనే చెప్పు. ఎవరి చేతి కింద ఏముందో వాళ్లకు ఆ రోజే తెలియాలి.

ఇక నా తప్పు. మొదటి సెమిస్టరంతా గుంటూరు మెడికల్ కాలేజీలో నేను చదువుకున్న పద్ధతిలోనే నాడీమార్గాలన్నీ బోర్డు మీద గీశాను. పిల్లలు చక్కగా బట్టీ పట్టారు. ప్రాక్టికల్ పరీక్షకు రోగులుగా నటించడానికి కొందరిని పిలిచాం. వాళ్లలో ఒకావిడకు చిన్నప్పటి పోలియో వల్ల ఎడమకాలు సన్నబడిపోయి ఉంది. ఒక కుర్రవాడు ఆవిడకు పన్నెండు కపాల నరాలూ వరుస తప్పకుండా పరీక్షించాడు, సుత్తి వేశాడు, స్పర్శ చూశాడు. రెండు మోకాళ్ల దగ్గరా రిఫ్లెక్సు, అంటే సుత్తి తగలగానే కాలు తనంతట తాను ఎగరడం, మామూలుగా ఉందని రాశాడు. ఆ ఎడమ మోకాలు ఏ సుత్తికీ కదిలేది కాదు! నేను పూర్తి మార్కులు వేశాను. ఎందుకంటే నా మార్కుల పట్టీలో "చేశాడా, లేదా" అనే గళ్లే ఉన్నాయి. ఏం కనిపించిందని అడిగే గడి ఒక్కటి కూడా లేదు. వెళ్తూ వెళ్తూ ఆవిడే అంది, "ఈ రోజు నా కాలు ఎవరూ చూడలేదు డాక్టరుగారూ" అని.

ఆ రాత్రే పట్టీ చింపేశాను. కొత్త పట్టీలో మూడే ప్రశ్నలు. ఏం కనిపించింది? దెబ్బ ఎక్కడ ఉంది? ఈ రోజు ఈ మనిషి మీద చెయ్యి వేయవచ్చా? మన మెడికల్ విద్యార్థికి రెండో ప్రశ్నతో పని అయిపోతుంది, ఆపైన ఎమ్మారై రాస్తాడు. నీ విద్యార్థి అలా కాదు. పరీక్ష ముగిసిన పది నిమిషాలకు ఆ మెడను తన చేతుల్లోకి తీసుకుంటాడు. అందుకని వాళ్ల చదువులో మూడో ప్రశ్నే పెద్దది.

వాళ్లలో మనకు లేని గుణం ఒకటుంది. చేతులు. గంటల తరబడి వెన్నులు తడిమి తడిమి వేళ్లకు చూపు వచ్చేసి ఉంటుంది. కండరం బిగువు, సన్నబడటం, వణుకు, మన రెసిడెంట్ల కంటే ముందు వాళ్లే పట్టడం నేను చూశాను. లోటు ఇంకోచోట ఉంది. వాళ్ల క్లినిక్కుకు వచ్చేది ఎక్కువగా తోటి విద్యార్థులూ వాళ్ల బంధువులూ. రెండు వందల మోకాళ్లు కొట్టినా అన్నీ ఆరోగ్యమైనవే. దెబ్బతిన్నది ఒక్కటి చూడకుండానే పట్టా వచ్చేస్తుంది. కాబట్టి నీ దగ్గరికి వచ్చే రోగుల్లో ఒప్పుకున్నవాళ్లను, నెలకు ఒక్కరినైనా సరే, క్లాసుకు పిలుచుకురా. నిజమైన బాబిన్‌స్కీ గుర్తు, అదే మెదడో వెన్నుపామో దెబ్బతిన్నవాళ్లకు అరికాలు గీసినప్పుడు బొటనవేలు మెల్లగా పైకి లేవడం, ఒక్కసారి కళ్లారా చూసినవాడు మరిచిపోడు.

మా గుంటూరు ప్రొఫెసరుగారు ఓపీ రోజున మమ్మల్ని గదిలోకి రానిచ్చేవారు కాదు. వరండా చివర నిలబెట్టి, రోగి నడిచి వచ్చి బల్ల మీద కూర్చునేలోపు జబ్బు ఎక్కడుందో చెప్పమనేవారు. కాలు ఈడుస్తున్నాడా, పాదం ఎత్తి వేస్తున్నాడా, అడుగులు ఎడంగా పడుతున్నాయా. నువ్వూ అదే చెయ్యి. అమెరికా కాలేజీల్లో వరండాలు లేకపోయినా కారిడార్లకు కొదవ లేదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం మెడ దగ్గర నలిగే వెన్నుపాముకు ఇవ్వు. ఆ రోగి పెద్దగా నొప్పి కూడా చెప్పడు. చేతులు మొద్దుబారినట్టున్నాయంటాడు, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నానంటాడు, చీకట్లో నడిస్తే తూలుతున్నానంటాడు. పిల్లల దగ్గరికి వచ్చిన మన తెలుగు తల్లి అయితే "పూలు కట్టడం రావడం లేదమ్మా, దారం జారిపోతోంది" అంటుంది. వయసు మీద పడిందని అందరూ సరిపెట్టుకుంటారు. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలరో లెక్కపెట్టించు. ఇరవై దాటకపోతే అనుమానించాలి. మధ్యవేలి కొనను చిటికె వేసినట్టు వదిలితే బొటనవేలు ముడుచుకుంటుందా (దీన్నే హాఫ్‌మన్ గుర్తు అంటాం), మోకాళ్ల దగ్గర కదలిక మరీ హుషారుగా ఉందా, మడమకు వేళ్లు ఆనించి ఒకే గీత మీద నడవగలరా, ఇవన్నీ చూడాలి. ఏ ఒక్క గుర్తు లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. నాలుగూ కలిసినప్పుడు మాత్రం ఆ మెడ మీద చెయ్యి వేయకూడదు. ఎమ్మారై, సర్జను, అంతే. క్లాసులో ఒక్కొక్కరినీ లేపి ఆ మాట రోగికి ఎలా చెబుతారో చెప్పించు. డబ్బు కట్టి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది వాళ్లకు.

రెండోది ధమని చీలిక. "ఇలాంటి నొప్పి జన్మలో ఎరగను" అంటూ మెడా తలా పట్టుకుని వచ్చే నడివయసు మనిషి. గది దీపం తగ్గించి కళ్లు చూడమను. ఒక కంటిపాప చిన్నదిగా ఉండి, ఆ పక్క రెప్ప కొంచెం వాలి ఉంటే అది హార్నర్ గుర్తు, చీకట్లోనే బాగా తేలుతుంది. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగుడు పడకపోవడం, తూలడం ఉంటే అంబులెన్సే. తలను వెనక్కి వంచి తిప్పి పట్టుకుని ధమనిని పరీక్షించే పాత పద్ధతి ఇంకా కొన్నిచోట్ల నేర్పుతున్నారు. ఏమీ కాలేదంటే ధమని బాగున్నట్టు కాదని గట్టిగా చెప్పు.

మెడ సర్దడం వల్లే ధమని చీలి పక్షవాతం వస్తుందన్న అనుమానం గురించి చెప్పగానే తెలివైన విద్యార్థి ఒకడు లేస్తాడు. "చీలిక ముందే ఉండి, ఆ నొప్పితోనే మా దగ్గరికి వస్తారు కదా! 2008లో కెనడాలోని ఆంటారియోలో చూస్తే మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లలోనూ ఆ పక్షవాతంతో ఇదే సంబంధం కనిపించింది" అంటాడు. అతని మాటలో నిజం ఉంది, కొట్టిపారేయకు. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా మెడ సర్దడమే కారణమని తేల్చలేదు. సంబంధం ఉన్నట్టు లెక్కల్లో కనిపిస్తోంది కనుక ముందుగా రోగికి చెప్పాలంది. నేను ఆ కుర్రవాడికి ఇచ్చిన జవాబు ఇది: "సరే నాయనా, చీలిక ముందే ఉందనుకుందాం. మరి దాన్ని కనిపెట్టాల్సింది ఎవరు?" ఆ ప్రశ్న తరువాత క్లాసులో నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తు.

నడుము దగ్గర నరాల గుత్తి నలిగితే అడగాల్సిన ప్రశ్నలకు పిల్లలు సిగ్గుపడతారు. "మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా? తుడుచుకునేటప్పుడు స్పర్శ ఎప్పటిలాగే ఉందా?" వీటిని ముసిముసి నవ్వులు ఆగేవరకు క్లాసులో పైకి అనిపించు. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు అరవై ఏళ్ల ముత్తైదువను తొట్రుపడకుండా అడగగలగాలి. గంటలు ఆలస్యమైతే ఆ మనిషికి జీవితాంతం మూత్రానికి గొట్టమే గతి కావచ్చు.

పాదం పైకి ఎత్తలేక వేలాడేసే రోగి అంటే వాళ్లకు మహా ఇష్టం, అయిదో నడుముపూస వాళ్ల సొంత పొలం లాంటిది. పాదాన్ని లోపలికి తిప్పమనాలని చెప్పు. ఆ బలం బాగుంటే తప్పు పూస దగ్గర కాదు, మోకాలి పక్కన నరం దగ్గర. కాలు మీద కాలు వేసుకుని గంటలు కూర్చున్నా వస్తుంది. నడుము సర్ది లాభం లేదు.

నడుం నొప్పితో వచ్చి, రెండు పాదాల్లో తిమ్మిరి, మెట్లెక్కలేకపోవడం, నాలుగు రోజుల్లోనే ముదరడం, సుత్తి వేస్తే మోకాళ్లలో ఉలుకూ పలుకూ లేకపోవడం, ఇది గిలాన్ బారే, అంటే రోజుల్లోనే నరాలు చచ్చుబడే జబ్బు కావచ్చు, ఆ పూటే ఆసుపత్రికి. మన శాకాహారులూ, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లూ అరికాళ్ల మంటలని వస్తే బీ12 పరీక్ష గుర్తు చెయ్యి. చీలమండల దగ్గర రిఫ్లెక్సు పోయి అరికాలు గీస్తే బొటనవేలు మాత్రం పైకి లేచే వింత ఆ లోపంలో ఉంటుంది.

సామాను సంగతి. కాలేజీ దుకాణంలో అమ్మే త్రికోణపు రబ్బరు సుత్తి తేలిక, దాన్ని బలంగా కొట్టాల్సి వస్తుంది. పొడుగు పిడి, గుండ్రటి తల ఉన్న క్వీన్ స్క్వేర్ సుత్తి కొనమను, అది తన బరువుకే పడుతుంది. పాదాల్లో కంపనం తెలుస్తోందో చూడటానికి 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కే. రిఫ్లెక్సు రాకపోతే రోగిని రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించి లాగమనడం మరిచిపోవద్దు, 1885 నాటి ఉపాయం, ఇంకా పనిచేస్తోంది. బోర్డు పరీక్ష నాలుగో భాగం, అదే చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష గురించి వాళ్లు పదేపదే అడుగుతారు. విసుక్కోకు, అది వాళ్ల అన్నం. సెమిస్టరు చివరి రెండు వారాలు దానికే వదిలెయ్యి.

ఇంకొక్కటి. ఎమర్జెన్సీ డాక్టరుకు నాలుగు వరుసల చీటీ రాయడం నేర్పు. "ఆరు వారాలుగా చేతులు మొద్దు, మోకాళ్ల రిఫ్లెక్సులు ఎక్కువ, రెండు పక్కలా హాఫ్‌మన్ ఉంది, వెన్నుపాము ఒత్తిడి అనుమానం." అలా రాస్తే ఎవరు పంపారన్నది అవతలి డాక్టరు పట్టించుకోడు. "నరాల సమస్య, చూడండి" అని రాస్తే చీటీని పక్కన పెట్టేస్తాడు. నేనే పెట్టేశాను ఒకప్పుడు.

నా క్వీన్ స్క్వేర్ సుత్తిని పార్సిల్‌లో పంపుతున్నాను. పిడి కొంచెం వంగింది, రబ్బరు కొత్తది వేయించాను. మొదటి క్లాసు అయ్యాక ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిది దాటితే మీ అత్తయ్యే ఎత్తుతుంది, ముందు ఆవిడ ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకో.

మీ మామయ్య