పాప రింగుల జుట్టు స్ట్రెయిటెనింగ్: నా సమాధానం

అక్కా, పదో తరగతి చదివే మీ పాప బంధువుల పెళ్లిలోగా స్ట్రెయిటెనింగ్ చేయించమని పట్టుబట్టిందని, ఏం చెప్పాలో తేలడం లేదని రాశారు. నా మాట: ఇప్పుడే వద్దు.

జుట్టుకు వంపునిచ్చేది అందులోని కెరాటిన్ అనే ప్రొటీన్‌లో ఉండే గంధకపు బంధాలు. మందుతో వాటిని తెంచి, వేడితో సాగదీసి, మళ్లీ అతికిస్తారు. ఆ భాగం ఇక మామూలుగా కాదు. కానీ వేర్లు మారవు. కొండ మీద గుండు కొట్టించాక మళ్లీ రింగులే వచ్చాయి కదా, అట్లే. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఆరు నెలలకు పైన రింగులు, కింద తిన్నగా. మళ్లీ పార్లర్‌కు పోవాల్సిందే.

జుట్టును తిన్నగా చేసే ఇంకో పద్ధతి, కెరాటిన్ ట్రీట్‌మెంట్ అయితే ఏం కాదంటే నమ్మొద్దు. కొన్ని మందులకు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది, అది క్యాన్సర్ కారకం. 2022లో అమెరికాలో 33 వేలకు పైగా మహిళలపై వచ్చిన అధ్యయనంలో, ఏడాదికి నాలుగుసార్లకు మించి స్ట్రెయిటెనింగ్ మందులు వాడినవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ వాడనివాళ్ల కంటే రెండింతలకు పైగా కనిపించింది. ఒక్కసారికే వస్తుందని కాదు. పదిహేనేళ్లకే మొదలుపెడితే మొత్తం ఎన్నిసార్లవుతుందో చూడండి.

పాపను మాత్రం కసరొద్దక్కా. బడిలో ఎవరైనా ఏమన్నారా అని మెల్లగా అడగండి. మా అమ్మాయిని 'కొబ్బరి పీచు' అన్నారంట, నాకు తెలిసేసరికి ఏడాదైంది. ఇప్పుడు తలకు పోసుకున్నాక కండిషనర్ పెట్టి, తడి మీదే వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వుతాం. చిక్కులు చాలా తగ్గాయి.

పెళ్లికి ఆ ఒక్కరోజు మందు లేకుండా, వేడితోనే జుట్టును తిన్నగా చేసే ఐరన్ చేయించండి. తలకు పోసుకుంటే రింగులు తిరిగొస్తాయి.