ప్రతీకార ప్రమాణం తీసుకున్న పాలడిన్‌ని ఆడబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ కథ నడిపే ఆట) కోసం నువ్వు పంపిన బ్యాక్‌స్టోరీ, అంటే నీ పాత్ర పూర్వకథ, చదివాను. ఊరు తగలబెట్టారు, అక్కని చంపారు, ఆ సేనాపతిని వెతికి చంపుతానని నీ పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడి బతికే యోధుడు) టీర్ గుడిలో ప్రమాణం చేశాడు. ఇక్కడిదాకా బాగుంది. కానీ చివర్లో "ఇతను చేసేది ప్రతీకారం కాదు, న్యాయం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, ఆ వాక్యం కొట్టేయ్. అది ఆటలో తేలాల్సిన విషయం, కాగితం మీద నువ్వే తీర్పు రాసేసుకుంటే ఇక ఆట నడిపే డీఎం ఏం నడుపుతాడు, నువ్వేం ఆడతావు?

ముందు దేవుడి సంగతి చూసుకో. మన ఆట జరిగే కల్పిత లోకం ఫర్గాటెన్ రెల్మ్స్‌లో ఈ రెండింటికీ ఇద్దరు వేర్వేరు దేవుళ్లున్నారు. టీర్ న్యాయ దేవుడు, చూపు లేదు, కుడి చెయ్యి లేదు, గుర్తు యుద్ధ సుత్తి మీద నిలబడ్డ త్రాసు. ప్రతీకారానికి హోర్. హోర్ అనగానే దుష్టుడనుకోకు, అతని అలైన్‌మెంట్ (నైతిక స్వభావం) లాఫుల్ న్యూట్రల్, అంటే నియమానికి కట్టుబడతాడు, మంచివైపూ కాదు చెడువైపూ కాదు, ఎవడు చేసింది వాడికే తగిన రూపంలో తిరిగి తగలాలన్నది అతని పద్ధతి. నువ్వు రాసిన కోపానికి నిజానికి హోరే సరిపోతాడు. అయినా టీర్‌నే ఉంచుకో అంటాను, ఎందుకంటే టీర్ పేరు చెప్పుకున్నాక ఆ సేనాపతి ఏం చెప్పుకుంటాడో కూడా నీ పాలడిన్ వినక తప్పదు, ఆ ఇబ్బందిలోనే అసలు కథంతా ఉంది.

ఇక న్యాయానికీ ప్రతీకారానికీ తేడా ఏంటని అడిగావు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. చంపడం, వదిలేయడం దగ్గర లేదు తేడా. ఆ లోకంలో న్యాయం కూడా మరణశిక్ష వేస్తుంది. నిన్ను ఆపగలిగేది ఏదైనా ఉందా, లేదా, అక్కడుంది. ఒక సాక్ష్యం బయటపడితేనో, ఆ ఆజ్ఞ ఇచ్చింది ఇతను కాదని తేలితేనో, నీలాగే నష్టపోయిన ఇంకో ఊరివాళ్లు "మాకు వీడు బతికే కావాలి, మావాళ్లని ఎక్కడ అమ్మేశాడో వీడికే తెలుసు" అంటేనో నీ కత్తి ఆగుతుందా? ఆగితే న్యాయం వైపున్నావు. ఏం విన్నా ఆగనంటే అది పగ, దానికి ఎంత మంచి కారణమున్నా సరే. పగ తప్పని నేననను, ఆడటానికి అది గొప్ప పాత్ర, కాకపోతే దానికి న్యాయమని పేరు పెట్టి పక్కవాళ్ల నోరు మూయించకు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్‌బుక్ తెరిచి ప్రతీకార ప్రమాణం నియమాలు మళ్లీ ఓసారి చదువు. అందరూ "దుర్మార్గులకి దయ లేదు" అన్న ముక్క పట్టుకుని ఎదురొచ్చిన ప్రతివాడినీ నరికేస్తారు. కానీ ఆ నియమంలోనే మామూలు శత్రువులకి దయ చూపొచ్చని ఉంది, దయ లేనిది ప్రమాణం చేసి పగబట్టినవాళ్ల మీదే. నాలుగో నియమమైతే ఎవరికీ గుర్తే ఉండదు: శత్రువు లోకాన్ని పాడుచేశాడంటే నేను ఆపలేకపోయినందుకే, కాబట్టి వాడివల్ల నష్టపోయినవాళ్లని ఆదుకోవాలి అని. నీ బ్యాక్‌స్టోరీలో తగలబడ్డ ఊళ్లో బతికి బయటపడ్డవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? లేరు. కనీసం ఇద్దర్ని రాయి. ఒకరు నీ పాలడిన్ చేసేదాన్ని మెచ్చుకోవాలి, ఇంకొకరు "నువ్వు వాణ్ణి చంపితే నా ఇల్లు తిరిగొస్తుందా" అని అడగాలి.

రూల్స్ కూడా నీకు సాయం చేస్తాయి, వాడుకో. మూడో లెవెల్లో వచ్చే వావ్ ఆఫ్ ఎన్మిటీ (శత్రుత్వ ప్రతిజ్ఞ) అనే శక్తి ఒక్కడి మీదే పడుతుంది, ఒక్క నిమిషం పాటు వాడి మీద దాడికి అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఇస్తుంది. అంతే, వాడి సైనికులకీ వాడి కొడుకుకీ అది వర్తించదు. ఐదో లెవెల్లో హోల్డ్ పర్సన్ నీ ప్రమాణం లిస్టులోనే వస్తుంది, అంటే మనిషిని కదలకుండా పట్టే మంత్రం ప్రతీకారం తీర్చుకునేవాడి చేతికే ఇచ్చారు. అదే లెవెల్లో జోన్ ఆఫ్ ట్రూత్ కూడా సిద్ధం చేసుకోవచ్చు, పది నిమిషాలు ఉంటుంది. సేవింగ్ త్రో (మంత్రాన్ని తట్టుకోడానికి వేసే డైస్) తప్పినవాడు అందులో తెలిసి అబద్ధం చెప్పలేడు, కానీ జవాబివ్వకుండా దాటేయొచ్చు. నీ పాలడిన్ ఏం అడుగుతాడో ముందే ఆలోచించి పెట్టుకో. ఎందుకు చేశావని అడుగుతాడా, ఎవరు చెప్తే చేశావని అడుగుతాడా? రెండోది అడిగే ధైర్యం తక్కువమందికి ఉంటుంది, జవాబు వేరే పేరైతే ఇన్నాళ్ల కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు కాబట్టి.

అన్నిటికన్నా ముఖ్యమైన క్షణం ఇంకోటుంది. కత్తి దెబ్బతో ఎదుటివాడి హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) సున్నాకి వచ్చినప్పుడు చంపాలా, స్పృహ తప్పించాలా అని కొట్టినవాడే నిర్ణయించుకోవచ్చు, ఆ డ్యామేజీ పడిన క్షణంలోనే. దూరం నుంచి బాణం వేస్తే ఈ అవకాశం లేదు. అందుకే సేనాపతి దగ్గరికి నడిచి వెళ్లు, దగ్గర నుంచే కొట్టు. డైస్ పడ్డాక డీఎం నీవైపు చూస్తాడు. గబుక్కున జవాబు చెప్పకు, కాస్త టైమ్ తీసుకో, నీ పాలడిన్ మొహంలో ఏముందో టేబుల్ దగ్గరున్నవాళ్లకి చెప్పు, తర్వాత నిర్ణయం చెప్పు. చంపినా సరే, వదిలినా సరే, అది ఆ క్షణంలో పుట్టిన నిర్ణయమై ఉండాలి.

పార్టీ, అంటే నీతో కలిసి ఆడే జట్టు, గురించి ఒక్క మాట. చేతులు కట్టేసిన ఖైదీని అందరి ముందూ చంపేసి "నా క్యారెక్టర్ అలాంటివాడు" అనకు. మొదటి సెషన్‌కి ముందే మిగతావాళ్లతో మాట్లాడుకో, ఇలాంటి సీన్ వస్తే ఎవరికి ఎంతవరకు ఓకేనో కనుక్కో. వాళ్లలో ఒకరి క్యారెక్టర్‌కి నీ పాలడిన్‌ని ఆపే హక్కు ఇవ్వు. ఎవరైనా పర్లేదు, కానీ నీ పాలడిన్ గౌరవించేవాళ్లై ఉండాలి.

బ్యాక్‌స్టోరీలో సేనాపతి పేరు ఉంచు, ఆజ్ఞ ఎవరిచ్చారన్నది మాత్రం ఖాళీగా వదిలి డీఎంకి ఇచ్చేయ్. అతను ఏం నింపాడో నువ్వు అడగొద్దు.

— మావయ్య