గుర్రం వీర్యంలోని ప్రొటీన్ల మీద పీజీ చేస్తే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీవీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉంది. పీజీలో మగ గుర్రాల వీర్యంలోని ప్రొటీన్లు, సంతాన సామర్థ్యం మీద పనిచేస్తానంటోంది. పశువుల డాక్టరుగా గవర్నమెంటు ఉద్యోగం చూసుకోక ఇదేం చదువని ఇంట్లో ఒకటే టెన్షన్. నలుగురికీ చెప్పుకోవడమూ ఇబ్బందే. - ఒక తల్లి, కడప

జవాబు: బంధువులు అడిగితే ‘యానిమల్ రిప్రొడక్షన్’ అనండమ్మా, ఇంకో ప్రశ్న రాదు. సబ్జెక్టు గట్టిదే. గుర్రాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం మన దేశంలో ఉద్యోగాలు తక్కువ.

గుర్రం వీర్యద్రవంలోని ప్రొటీన్లలో సింహభాగం హెచ్ఎస్‌పీ-1, హెచ్ఎస్‌పీ-2 అనే రెండింటిదే. ఇవి వీర్యకణం పైపొరలోని కొవ్వుకు అతుక్కుని, అండంతో కలవడానికి ఆ కణాన్ని సిద్ధం చేస్తాయి. అదే ద్రవంలో కణాలు ఎక్కువసేపు నిల్వ ఉంటే పొర దెబ్బతింటుంది. అందుకే ఫ్రీజ్ చేసే ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ద్రవాన్ని చాలావరకు తీసేస్తారు. క్రిస్ప్-3 అనే మరో ప్రొటీన్, ఆడగుర్రం గర్భాశయంలోని తెల్లరక్తకణాలు బతికున్న వీర్యకణాలను పట్టేసుకోకుండా కాపాడుతుంది.

ఇది ల్యాబ్‌కే పరిమితమైన చదువు కాదు. శాంపిల్‌లో కణాలే కనపడకపోతే డాక్టరు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ చూస్తారు. అది ప్రధానంగా వృషణాలు, వాటిని అంటిపెట్టుకుని వీర్యకణాలు నిల్వ ఉండే ఎపిడిడిమిస్ అనే గొట్టం నుంచే వస్తుంది. బాగా తక్కువుంటే దారిలో అడ్డుందనో, స్ఖలనం పూర్తిగా కాలేదనో అర్థం. ఎక్కువే ఉండి కణాలు లేకపోతే లోపం తయారీలోనే.

ఇక ఉద్యోగాలు. రేసుల కోసం పెంచే థరోబ్రెడ్ గుర్రాల్లో కృత్రిమ గర్భధారణకు అనుమతే లేదు, కాబట్టి ఆ స్టడ్ ఫారాల్లో వీర్యం నిల్వ చేసే పని ఉండదు. గుర్రాల మీదే పరిశోధన అంటే హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, దాని బికనీర్ క్యాంపస్. మనకు దగ్గర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో ఈ హెచ్ఎస్‌పీ ప్రొటీన్ల మీద పని జరిగింది.

అయితే ఎద్దు వీర్యంలోని పీడీసీ-109 అనే ప్రొటీన్ కూడా ఈ హెచ్ఎస్‌పీల కుటుంబానిదే. గుర్రం మీద నేర్చిన పద్ధతులు ఆవులకు, గేదెలకు అక్కరకొస్తాయి. నంద్యాల, కరీంనగర్‌లలో ఉన్న వీర్య కేంద్రాలు వాటి కోసమే. నా మాటగా, థీసిస్‌లో గుర్రంతో పాటు ఎద్దు శాంపిళ్లూ పెట్టుకోమనండి. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ నోటిఫికేషన్ పడితే పీజీ చదువుతూనే రాసుకోవచ్చు, బీవీఎస్సీ పట్టా ఎక్కడికీ పోదు.

గైడ్‌ను ఒప్పుకునే ముందు మాత్రం ఆ ల్యాబ్‌లో ప్రొటీన్లను గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉందా, లేకపోతే శాంపిళ్లు ఎక్కడికి పంపుతారు, ఆ ఖర్చు ఎవరిది అని మొహమాటం లేకుండా అడగమనండి.