ఇంగ్లిష్ సందేహాలు: మొదటిసారి వచ్చారా?

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక హోటల్ రిసెప్షన్‌లో పని చేస్తున్నాను. విదేశీ అతిథుల్ని "ఆర్ యూ కమింగ్ ఫస్ట్ టైమ్ టు వైజాగ్?" అని పలకరిస్తాను. అది తప్పని తోటి ఉద్యోగి అంటున్నారు. ఎలా అడగాలి? "మీరు రావడం ఇది ఎన్నోసారి?" అనాలంటే ఇంగ్లిష్‌లో ఏమంటారు?

- ఒక పాఠకురాలు

జవాబు: ఆయన చెప్పింది నిజమేనండీ. అతిథి వచ్చేసి మీ ఎదుటే నిలబడి ఉన్నారు. "ఆర్ యూ కమింగ్" అంటే ఇంకా దారిలో ఉన్న మనిషిని అడిగినట్టుంటుంది. మన "వస్తున్నారా?" తెచ్చిపెట్టిన చిక్కు ఇది. అసలు 'రావడం' అనే క్రియే అక్కర్లేదు. "ఈజ్ దిస్ యువర్ ఫస్ట్ టైమ్ ఇన్ వైజాగ్?" అంటే చాలు. ఇంకాస్త మర్యాదగా అయితే "ఈజ్ దిస్ యువర్ ఫస్ట్ విజిట్ టు వైజాగ్?" అనండి. 'టైమ్' తర్వాత 'ఇన్', 'విజిట్' తర్వాత 'టు'. చాలామంది తడబడేది ఇక్కడే, రెంటినీ కలిపేసి "ఫస్ట్ టైమ్ టు వైజాగ్" అనేస్తారు. ఊరి పేరు బదులు 'హియర్' వాడితే ఏ 'ఇన్'తోనూ పని లేదు: "ఈజ్ దిస్ యువర్ ఫస్ట్ టైమ్ హియర్?"

క్రియ పెట్టి తీరాలనుకుంటే "ఈజ్ దిస్ ద ఫస్ట్ టైమ్ యూ హావ్ కమ్ హియర్?" అనాలి. 'ఆర్ కమింగ్' ఇక్కడా కుదరదు.

మీ ఉద్యోగానికి ఇంతకంటే మంచి ప్రశ్న ఒకటుంది: "హావ్ యూ స్టేడ్ విత్ అస్ బిఫోర్?" ఏటా వచ్చే అతిథిని పట్టుకుని మొదటిసారా అని అడిగితే ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. ఇలా అడిగితే ఆ ఇబ్బంది ఉండదు.

అరకు చూసి వచ్చారా అనడానికి "హావ్ యూ బీన్ టు అరకు?" అనండి. 'బీన్' చోట 'గాన్' పెడితే ఆ మనిషి ఇంకా అరకులోనే ఉన్నట్టు అర్థం వస్తుంది, ఎదురుగా ఉన్నవారిని అలా అడగలేం. మొదట ఎప్పుడొచ్చారో తెలుసుకోవాలంటే 'ఫస్ట్'ను క్రియకు ముందు పెట్టండి: "వెన్ డిడ్ యూ ఫస్ట్ కమ్ టు వైజాగ్?" దాన్ని వెనక్కి జరిపి "కమ్ ఫస్ట్" అన్నారంటే, పందెంలో ఫస్ట్ ఎప్పుడొచ్చారని అడిగినట్టు వినిపిస్తుంది!

ఇక 'ఎన్నోసారి'కి ఇంగ్లిష్‌లో ఒక్క మాట లేదు. "హౌ మెనీ టైమ్స్ హావ్ యూ బీన్ హియర్?" అంటారు. వ్యాకరణం ప్రకారం సరైనదే గానీ, రిసెప్షన్‌లో వింటే ఆరా తీసినట్టుంటుంది. ఇంతకుముందు వచ్చామని వాళ్లంతట వాళ్లే చెబితే "వెన్ వర్ యూ లాస్ట్ హియర్?" అనండి. చాలామంది ఎన్నోసారి వచ్చారో ఆ జవాబులోనే చెప్పేస్తారు.