ఊరు కొత్త, ఖర్చు కొత్త: ఏడాది చందా ఇప్పుడే కట్టకండి

ప్రశ్న: మా వారి బదిలీ వల్ల విజయవాడ నుంచి విశాఖపట్నం ఎంవీపీ కాలనీకి వచ్చి అయిదు నెలలైంది. నాది ఇంటి నుంచే చేసే ఉద్యోగం. ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది నెలకు రూ.96,000. అక్కడ రూ.31,000 మిగిలేది. ఇక్కడ రూ.12,000 మిగలడమే గగనమవుతోంది. కొత్త దుకాణాలు, కొత్త క్లాసులు వెతికి చూడటం నాకు ఇష్టం. జుంబాలో చేరాను, యోగాలో చేరాను. ఇప్పుడు మా వీధి చివర తెరిచిన జిమ్ వారు నెలకు రూ.2,500, ఏడాదికైతే రూ.18,000, రెండేళ్లకు రూ.28,000 అంటున్నారు. వాయిదాల్లోనూ కట్టవచ్చట. ‘ఈ తిరుగుళ్లు మానేస్తే డబ్బు అదే మిగులుతుంది’ అంటారు మా వారు. కానీ ఈ ఊళ్లో నాకు నలుగురు తెలిసింది జుంబా వల్లే. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే ఎస్ఐపీ రూ.10,000 రెండు నెలల కిందట ఆపేశాను. జిమ్‌లో చేరమంటారా? ఖర్చుల పద్దు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు మీ వారి ఆరోపణ సంగతి తేలుద్దాం. మీ పద్దు ప్రకారం నెలకు తగ్గిన మిగులు రూ.19,000. విజయవాడలో రూ.14,000 ఉన్న అద్దె ఇక్కడ రూ.22,000 అయింది. ఎనిమిది వేలు అక్కడే పోయాయి. పాత ఇంట్లో లేని అపార్టుమెంటు మెయింటెనెన్సు మరో రెండు వేలు. ఈ పదివేలకూ మీ తిరుగుళ్లకూ ఏ సంబంధమూ లేదు. మిగిలిన తొమ్మిది వేలలో దుకాణాలకు రూ.3,400, క్లాసులకు రూ.3,500, కాఫీ షాపులకూ బయటి తిండికీ రూ.2,100. మీరు రేపటి నుంచి గడప దాటకుండా కూర్చున్నా పాత 31 వేలు తిరిగి రావు, 21 వేల దగ్గర ఆగిపోతాయి. ఈ లెక్క మీ వారికి చూపించండి. అద్దె ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది కనుక దాని ఊసు ఎవరూ ఎత్తరు. జుంబా ఒకరి సరదాగా కనిపిస్తుంది, అందుకే చూపుడువేలు అటు లేస్తుంది.

అలాగని మీ పక్షాన పూర్తిగా నిలబడలేను. మీరు తిరిగి చూడటానికి పెట్టిన డబ్బుతో నాకు పేచీ లేదు. చూసిన ప్రతిచోటా ఏదో ఒకదానికి కట్టుబడి వస్తున్నారు, పేచీ దానితోనే. ఒక బేకరీలో రొట్టె కొని తిని చూస్తే అరవై రూపాయలతో పోతుంది. అదే బేకరీలో ‘రూ.3,000 వేస్తే రూ.3,600 వాడుకోవచ్చు’ అన్న కార్డు తీసుకున్నారు. మీ పద్దులో రెండో నెలలో ఉంది, ఇంకా రూ.1,900 వాడకుండా మిగిలి ఉందని మీరే రాశారు. అది లాభం కాదు. నిన్నగాక మొన్న తెరిచిన దుకాణానికి మీరు హామీ లేకుండా ఇచ్చిన చేబదులు. ఆ దుకాణం రేపు షట్టరు దించేస్తే మీ రూ.1,900 వసూలు చేసుకునే దారి చాలా పొడుగు. కొత్త కొట్టు యజమానికి అద్దె అడ్వాన్సులూ ఫర్నిచరూ పోను చేతిలో సొమ్ము ఆడదు, అందుకే ఆ కార్డులు పుడతాయి. ఆయన తప్పేమీ లేదు. కానీ ఆయన పెట్టుబడి మీరెందుకు సర్దాలి?

గానుగ నూనె సంగతీ అంతే. మొదటిసారే అయిదు లీటర్ల డబ్బా, లీటరు రూ.360 చొప్పున రూ.1,800. ఇద్దరు మనుషులున్న ఇంటికి ముందు అర లీటరు చాలదా? నచ్చితే రెండోసారి లీటరు. మూడు, నాలుగుసార్లు వెళ్లిన తర్వాతే డబ్బా గురించి ఆలోచించండి. ఏ దుకాణమైనా సరే, నాలుగోసారి వెళ్లే దాకా కార్డు, ముందస్తు సొమ్ము, పెద్ద ప్యాకెట్టు వద్దని నియమం పెట్టుకోండి. చాలా కొట్లకు మీరు నాలుగోసారి వెళ్లనే వెళ్లరు.

ఒక చిన్న పక్కమాట. ఆర్గానిక్ స్టోరులో తేనె, కాఫీ పొడి ప్రతి నెలా కొంటున్నారు. గిరిజన సహకార సంస్థ, జీసీసీ అంటారే, 1956లో మొదలైనది, దాని కేంద్ర కార్యాలయం మీ ఊళ్లోనే ఉంది. మన్యం తేనె, అరకు కాఫీ, కుంకుడుకాయలు వాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. ఒకసారి రెండు చోట్లా ధర రాసుకుని చూడండి. కూరగాయలకు ఎంవీపీ రైతుబజారు మీకు నడక దూరమే. ధరల బోర్డు గేటు దగ్గరే రాసి ఉంటుంది కాబట్టి బేరం బెడద లేదు. మీ పద్దులో కూరగాయలు ఎక్కువగా యాప్‌లో కొన్నవే ఉన్నాయి. వీధుల్లో తిరగడం ఇష్టమనే మనిషి టమాటాలు ఫోనులో కొనడం నాకు కాస్త వింతగా అనిపించింది.

ఇక క్లాసులు. ఇక్కడ నెల రుసుము చూడకండి, వెళ్లిన ప్రతి రోజూ ఎంత పడిందో చూడండి. జుంబాకు నెలకు రూ.2,000, సగటున తొమ్మిది రోజులు వెళ్లారు. రోజుకు సుమారు రూ.222. యోగాకు రూ.1,500, వెళ్లింది మూడు రోజులు. రోజుకు రూ.500. పైకి చవకగా కనిపించేదే రెట్టింపుకు మించి ఖరీదైంది. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం ప్రధాని సమక్షంలో మీ బీచ్ రోడ్డు మీదే జరిగింది. లక్షల మంది చాపలు పరిచారు. యోగా మీద ఊరంతా అంత ఉత్సాహం చూసిన చోట మీరూ చేరాలనుకోవడం సహజం. కానీ పొద్దున్నే ఆరు గంటలకు లేవడం మీకు అలవాటు కాలేదు, అంతే. దానికి సిగ్గుపడనక్కర లేదు, డబ్బు కట్టడం ఆపితే చాలు.

ఈ బలహీనత మీ ఒక్కరిదీ కాదు. అమెరికాలో మూడు హెల్త్ క్లబ్బుల సభ్యుల హాజరు లెక్కలు తీసి, స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు నెలకు సగటున నాలుగుసార్లకు కాస్త మించి వెళ్లారు. అంటే ఒక్కసారికి 17 డాలర్లకు పైనే పడింది. పది టికెట్ల పుస్తకం కొనుక్కుంటే అదే క్లబ్బులో ఒక్కసారికి 10 డాలర్లు! చేరిన రోజున మనం ఊహించుకునే మనిషి వేరు, మూడో నెలలో వర్షం పడుతున్న పొద్దున మంచం మీద ఉండే మనిషి వేరు. చందా కట్టేది మొదటి మనిషి, వెళ్లాల్సింది రెండో మనిషి. జిమ్‌ల ఏడాది పథకాలన్నీ ఈ తేడా మీదే నడుస్తాయి.

అందుకే మీ జిమ్ లెక్క ఇలా వేయండి. ఏడాదికి రూ.18,000ను నెల రుసుము రూ.2,500తో భాగిస్తే ఏడు నెలలు దాటుతుంది. ఎనిమిదో నెలలో కూడా వెళ్తేనే ఏడాది పథకం లాభం. ఏడో నెల లోపు మానేస్తే నెల నెలా కట్టినవారే నయం. యోగాకు రెండో నెల దాటలేకపోయిన మీరు జిమ్‌కు ఎనిమిదో నెలలో వెళ్తారో లేదో నాకంటే మీకే బాగా తెలుసు. రెండేళ్ల పథకం మాట అసలు ఎత్తవద్దు. మీ వారిది బదిలీల ఉద్యోగం. రెండేళ్ల తర్వాత మీరు ఏ ఊళ్లో ఉంటారో ఆయన ఆఫీసుకే తెలియదు.

వాయిదాల సంగతి మరీ జాగ్రత్త. ‘వడ్డీ లేని వాయిదా’ అన్నా చాలాసార్లు అది జిమ్‌కు మీరు కట్టే వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ సంస్థ మీ పేరున ఇచ్చే అప్పు. ఆ సంస్థ జిమ్‌కు సొమ్ము మొత్తం ముందే ఇచ్చేస్తుంది. తర్వాత జిమ్ మూతపడినా మీ వాయిదాలు ఆగవు. ఆపితే మీ క్రెడిట్ స్కోరే దెబ్బతింటుంది. వడ్డీ లేదన్నది కూడా మాటవరసకే. దాన్ని ధరలోనో, మీకు ఇవ్వని తగ్గింపులోనో కలిపేసి ఉంటారు.

అసలు జిమ్ అవసరమా? పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ జుంబా నెలకు తొమ్మిది గంటలంటే వారానికి రెండు గంటలు ఇప్పటికే అయింది. శివాజీ పార్కులోనో బీచ్ రోడ్డు మీదో ఇంకో అరగంట నడిస్తే ఆ లెక్క నిండుతుంది. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని కూడా అదే సంస్థ అంటుంది కాబట్టి, జిమ్‌కు అసలు పనే లేదని అనను. వెళ్లి చూడండి, ఒక నెలకు రూ.2,500 కట్టి. ఎనిమిది రోజులకు తగ్గకుండా వెళ్లగలిగితే రెండో నెల, లేకపోతే సెలవు. జుంబా మాత్రం మానకండి. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తూ కొత్త ఊళ్లో నలుగురు మనుషుల్ని సంపాదించుకోవడానికి నెలకు రెండు వేలు ఎక్కువ కాదు. ఇది ఆర్థిక సలహాదారుగానే అంటున్నాను.

కట్టేముందు జిమ్ వారిని కొన్ని అడగండి. చెప్పిన ధరలో పన్ను కలిసిందా? 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌లు, యోగా కేంద్రాల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు బిల్లులో కనిపిస్తే నిలదీయండి. ఏడాదికి రూ.20 లక్షల టర్నోవరు లేని చిన్న క్లాసుల వారు జీఎస్టీలో నమోదు కానక్కర లేదు. నమోదు నంబరు లేనివారు పన్ను పేరుతో మీ దగ్గర వసూలు చేయకూడదు. ఊరు మారితే మిగిలిన నెలలు ఇంకొకరి పేరుకు మార్చుకోవచ్చా, అనారోగ్యం వస్తే కొన్నాళ్లు ఆపి పెట్టుకోవచ్చా అన్నది నోటిమాటగా కాక రసీదు మీదో వాట్సాప్‌లోనో రాయించుకోండి. డబ్బు తీసుకుని సేవ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటని ఫిర్యాదుకు రుసుము ఉండదు.

యోగా డబ్బు ఆటోపేలో, అంటే నెలనెలా దానంతటదే, పోతోందని పద్దులో రాశారు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఇవాళే రద్దు చేయండి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం డబ్బు కోసే 24 గంటల ముందు మీకు సందేశం రావాలి, వస్తూనే ఉండి ఉంటుంది. సాధారణంగా రూ.15,000 లోపు అయితే ప్రతిసారీ పిన్ అడగదు కాబట్టి మన కళ్లు ఆ సందేశాల మీద నిలవవు. ఆ విభాగంలో మీరు మరిచిపోయినవి ఇంకేమైనా ఉన్నాయేమో కూడా చూడండి.

ఇప్పుడు డబ్బు సర్దుబాటు. ఆ తొమ్మిది వేలను అయిదు వేలకు తెద్దాం. యోగా రూ.1,500 పోతుంది. కార్డులు, పెద్ద డబ్బాలు ఆపితే దుకాణాల్లో వెయ్యి, బయటి తిండిలో రూ.1,500 తగ్గుతాయి. మిగిలిన అయిదు వేలు మీ జుంబా, మీ తిరుగుళ్లు. దీన్ని విడిగా ఒక ఖాతాలో వేసి డెబిట్ కార్డు దానికే పెట్టుకోండి. ఎక్కడ ఖర్చు చేశారని మీ వారు అడగకూడదు, అయిపోయాక మీరూ అడగకూడదు. జిమ్ నెల కూడా ఇందులోంచే, అంటే ఆ నెల షికార్లు తక్కువ.

దీంతో మిగులు రూ.16,000 అవుతుంది. చీటీ రూ.7,000 నడుస్తోందన్నారు, నమోదైన సంస్థదే కాబట్టి నడవనివ్వండి. మిగతా రూ.9,000లో ఎస్ఐపీ రూ.6,000తో మళ్లీ మొదలుపెట్టి, రూ.3,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మీ అత్యవసర నిధి రూ.2.4 లక్షలు మూడు నెలల ఖర్చుకే సరిపోతుంది, దాన్ని మెల్లగా పెంచాలి. ఈ రెండూ జీతం పడిన మర్నాడే ఖాతాలోంచి వెళ్లిపోయేలా తేదీ మార్చండి. మీరు ఆపేసిన ఎస్ఐపీ తేదీ 20. ఆ తేదీకి మీ ఖాతాలో ఏమీ మిగలడం లేదని పద్దే చెబుతోంది.

చివరగా, అసలు చిల్లు అద్దె. మీ అద్దె ఒప్పందం పదకొండు నెలలదైతే ఇంకా ఆరు నెలలుంది. వెంకోజీపాలెం, ఇసుకతోట, పెదవాల్తేరు వైపు కూడా ఇప్పటి నుంచే తిరగండి. ఏ ఇల్లు ఖాళీ అవుతోందో బోర్డు పెట్టకముందే కిరాణా కొట్టు వారికీ, ఇస్త్రీ బండి వారికీ తెలిసిపోతుంది, బ్రోకరుకు ఒక నెల అద్దె ఇచ్చే పనీ తప్పుతుంది. జుంబాలో ఉన్న వాళ్లలో ఆ పేటల వారు ఎవరైనా ఉన్నారేమో రేపే అడగండి. అద్దెలో రూ.3,000 తగ్గినా అది మీ జుంబా రుసుము కంటే ఎక్కువ.